ఏడో పలకముక్క

మా పేటలోని కతోలిక ఇండ్లలో అక్షరం వచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందుకని ఆ పని నాకు చెప్పినారు. పగిలిపోయిన పలకల ముక్కలు ఏడు నా ముందర పెట్టి, ఒక్కోదాని మీద ఒక్కో జంట పేర్లు మేకుతో గీకమన్నారు. గీకిన ముక్కకు బెజ్జం వేసి, ఆ ఆడమనిషి తాళిబొట్టు దానికి కట్టి, ఏడింటినీ రేకుపెట్టెలో పెట్టి, ఆ పెట్టెను దేవమాత స్వరూపం కింద ఉంచాలని పెద్దల తీర్పు. ఆరు ముక్కల మీద రాసినాను. ఏడోదాని మీద నా పేరూ, నా పెనిమిటి పేరూ రాయాలి. అది రాయలేదు.

ఎందుకు రాయలేదో చెప్పాలంటే ముందు మా గుడి సంగతి చెప్పాలి.

మా పేట గిద్దలూరుకూ రాచర్లకూ నడుమ, రాళ్లూ గరపనేలా తప్ప ఏమీ లేని చోట ఉండేది. పేటలో ఎక్కువమంది బాప్టిస్టు వాళ్లు. వాళ్లది పెంకుల గుడి, పెద్ద గంట. మాది పన్నెండు ఇండ్ల సంఘం, మట్టిగోడల గుడి, గంట బదులు తుమ్మచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క. మమ్మల్ని వాళ్లు ఆర్సీఎం వాళ్లు అనేవాళ్లు. బావి ఒక్కటే, కూలికి పోయే చేన్లు ఒక్కటే, జొన్నసంగటీ గోంగూరా ఒక్కటే. ఆదివారం మాత్రం ఎవరి దారి వాళ్లది.

మా నాయన ఉపదేశి. చుట్టుపక్కల పేటలన్నిటికీ పెద్దదైన విచారణ గుడి రైలుటేసను ఉన్న ఊళ్లో ఉండేది. స్వామి, ఫాదరు అని కూడా అంటాము, అక్కడి నుంచి నెలకొకసారి ఎద్దులబండిలో వచ్చి పూజ చేసి పోయేవాడు. మిగతా ఆదివారాలు నాయనే జపం చెప్పేవాడు. అమ్మ నేను పుట్టిన మూడో ఏటనే పోయింది. నాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సత్యోపదేశం చదివిస్తే, ఆ ప్రశ్నలూ జవాబులతోనే నాకు అక్షరాలు వచ్చినాయి. వేరే పిల్లలు చెమ్మచెక్క ఆడుకుంటా ఉంటే నేను జ్ఞానస్నానం, పెండ్లి వంటి సంస్కారాలు ఎన్ని, ఏవేవి అని లెక్క ఒప్పజెప్పేదాన్ని.

అంతకుముందు వచ్చిన స్వాములందరూ తెల్లవాళ్లు. మంచివాళ్లే, కానీ వాళ్లు మాట్లాడితే మనతో మాట్లాడినట్టు ఉండేది కాదు, పుస్తకం చదివినట్టు ఉండేది. ఆ తర్వాత మన భాష మాట్లాడే స్వామి వచ్చినాడు. మా నులకమంచం మీద కూర్చుని, సంగటిముద్దలో గుంట చేసి ఊరుబిండి పచ్చడి వేయించుకుని తిన్నాడు. మా సంఘం ఛాతీ విరుచుకుని నడిచింది ఆ మూడేండ్లు. ఆ మూడేండ్లలో ఆయన మా పేటలో ఏడు పెండ్లిండ్లు చేసినాడు. కడపటిది నాది.

మా మామ సంఘానికి పెద్ద. ఇల్లు మా వీధిలోనే ఆ కొసన. ఆయన కొడుకు మార్కాపురంలో పలకల గనిలో రాయి చీల్చే పని చేసేవాడు. పదిహేను దినాలకొకసారి రైల్లో వచ్చేవాడు. కనుబొమల్లో ఎప్పుడూ నల్లటి రాతిపొడి ఉండేది. ఎంత కడిగినా పోదు. ఆ పొడి చూసే నేను ఇష్టపడినానని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

పెండ్లి పొద్దు స్వామి నన్ను అడిగినాడు, "నీకు సమ్మతమేనా?" అని. నా గొంతు పెగల్లేదు. గుడి నిండా జనం. కిటికీల దగ్గర బాప్టిస్టు ఆడవాళ్లు చూడవచ్చి, చువ్వలు పట్టుకుని నిలబడినారు. స్వామి మళ్లీ అడిగినాడు. ఈసారి ఎక్కడ వినపడదో అని "సమ్మతమే!" అని గట్టిగా అరిచినట్టే అన్నాను. కిటికీ దగ్గరవాళ్లు పకపకా నవ్వినారు. స్వామీ నవ్వినాడు. నా పెనిమిటి తల వంచుకుని నవ్వుకుంటా తాళి కట్టినాడు.

పది నెలలు కాపురం చేసినాను.

తొమ్మిదో నెల స్వామి రాలేదు. తర్వాతి నెల కబురు వచ్చింది. విచారణ గుడి పక్కన మా బడి ఉండేది. అందులో చిన్నపిల్లలకు చెప్పే పంతులమ్మ మొగుడు పోయిన మనిషి, ఇరవై ఐదేండ్లు ఉంటాయేమో. ఆమె నెల తప్పింది. దానికి కారణం స్వామి. స్వాములందరికీ పైనుండే మేత్రాణులవారు ఆయనను పిలిపించుకున్నారు. ఆయన అంగీ విప్పేసి, మామూలు పంచె కట్టుకుని, తెల్లవారుజామున రైలెక్కి పోయినాడు. మళ్లీ మా వైపు రాలేదు. పంతులమ్మను వారంలోపల ఇల్లు ఖాళీ చేయమన్నారు.

ఆమె ఇష్టపడిందా, భయపడిందా అని ఎవరూ అడగలేదు. బడి ఆయన చేతిలో, ఆమె ఉండే ఇల్లు ఆయన చేతిలో, ఆమె తినే కూడు ఆయన చేతిలో. అటువంటి మనిషి 'కాదు' అనగలుగుతుందా అని నాకు తోచడానికి చాలా ఏండ్లు పట్టింది.

అప్పుడు నాకు తోచింది వేరు. బావి దగ్గరికి ఎట్ల పోవాల అని.

బావి దగ్గర ఒక బాప్టిస్టు వదిన ఉండేది. వరసకు వదిన. నోరు మంచిది కాదు, మనసు ఎటువంటిదో అప్పటికి తెలియదు. నన్ను చూడగానే కడవ దించి అంది.

"ఏమొదినా, మీరు ఫాదరూ ఫాదరూ అని పిలిచి పిలిచి ఆ మనిషిని నిజంగానే ఫాదరును చేసినారంట గదా!"

బావి చుట్టూ నవ్వులు.

"మా పాస్టరుకు పెండ్లాం ఉంది, ఆరుగురు పిల్లలున్నారు. కోడి కూతకాడి నుంచి ఆమె తిట్లు తినేకే ఆయనకు సరిపోతుంది. ఇంక పాపం చేసేకి పొద్దు యాడ దొరుకుతుంది?" అంది ఇంకొకామె.

నేను చేద వేసినాను. నీళ్లు నిండకముందే కడవ ఎత్తుకుని వచ్చేసినాను.

ఆ ఆదివారం జపం అయినాక మా మామ అందరినీ గుడిముందర కూర్చోబెట్టినాడు. ఆయన చెడ్డవాడు కాదు. గుడిగోడకు మన్ను తొక్కింది ఆయన కాళ్లే. తపసుకాలం నలభై దినాలూ ఒంటిపూట తినేవాడు. స్వామి పడిపోయినాడని విన్నప్పటి నుంచి ఆయన నిద్రపోలేదని మా అత్త చెప్పింది. ఆ పొద్దు ఆయన మాట్లాడిందంతా భయంతోనే.

"మైలచేయి తగిలిన పాలు నిలుస్తాయా? విరుగుతాయి. ఈ మూడేండ్లు ఆయన చేసింది ఏదీ నిలవదు. పిల్లోళ్లకు మళ్లీ జ్ఞానస్నానం కావాల. పెండ్లిండ్లు మళ్లీ కావాల. కొత్త స్వామి వచ్చి కట్టేదాకా ఏడుగురు ఆడోళ్లూ తాళి తీసి దేవమాత కాడ పెట్టి, పుట్టిండ్లకు పోవాల. లేకుంటే అది కాపురం కాదు, పాపం. ఆ పాపం సంఘం మీద పడుతుంది."

అందరూ తలలూపినారు. తప్పు చేయాలని ఎవరూ అనుకోలేదు. తప్పు నుంచి తప్పించుకోవాలనే ఆ తప్పు చేసినారు.

నేను మా నాయన దిక్కు చూసినాను. ఆయనకు జవాబు తెలుసు. నాకు నేర్పింది ఆయనే. కానీ నాయన తల ఎత్తలేదు. మూడేండ్లూ ఆ స్వామి బండికి ఎదురుపోయి, ఆయన సంచి మోసి, ఆయన గుణం పొగిడింది నాయనే గదా. 'ఉపదేశికి తెలియకుండా ఉంటుందా' అని గొణుగుడు అప్పటికే మొదలైంది. నోరు తెరిస్తే స్వామి తరఫున మాట్లాడినట్టవుతుందని భయపడినాడు.

నేను లేచినాను.

"మామా, యూదాసు కూడా పన్నెండు మంది శిష్యుల్లో ఒకడు. రోగుల్ని బాగుచేసేకి దేవుడు ఆయన్ని కూడా పంపినాడు. యూదాసు చేత్తో బాగైన కుంటోడు, ఆయన దేవుణ్ని అమ్మేసినాక మళ్లీ కుంటోడైనాడా? చేయి యూదాసుది. బాగు చేసింది దేవుడు."

నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు.

"పెండ్లికైతే స్వామి చేయి కూడా లేదు. ఆయన సాక్షి. సంస్కారం ఒకరికొకరు ఇచ్చుకునేది మొగుడూ పెండ్లామే, సమ్మతమే అనే మాటతో. సత్యోపదేశంలో అట్లనే నేర్పినాడు మా నాయన. సాక్షి చెడిపోతే మా మాట చెడిపోతుందా?"

"చూసినారా! ఆడపిల్లకు అక్షరం చెప్తే ఇంతే. మామకే ఉపదేశం చేస్తుంది," అన్నారు ఎవరో వెనక నుంచి. నవ్వినారు. మామ నవ్వలేదు.

"అమ్మా, నీ మాట నిజమైతే తాళి తీసినా పోయేదేమీ లేదు. అబద్ధమైతే తీయకుంటే నరకం. తీసి పెడితే ఏం పోతుంది?"

"తీస్తే ఇది పెండ్లి కాదని నేనే చెప్పినట్టు గదా మామా."

నా పెనిమిటి భుజం మీద తువ్వాలు సర్దుకుంటా నిలబడినాడు. నేను ఆయన దిక్కు చూసినాను.

"నాయన చెప్పినట్టు కానీరాదూ," అన్నాడు మెల్లగా. "రెండు నెలలే గదా."

అట్ల తీర్పు అయింది. తీసేదాకా నన్ను మామ ఇంట్లో ఉంచుకోరు, గుళ్లో అడుగు పెట్టనీరు. పలకముక్కలు తెచ్చింది నా పెనిమిటే, గనిలో పగిలినవి. ఆరు రాసి ఇచ్చి, ఏడోది ఒళ్లో పెట్టుకుని, మెడలో తాళితోనే నాయన ఇంటికి పోయినాను.

మూడో దినమో నాలుగో దినమో, మిట్టమధ్యాహ్నం, పంతులమ్మ మా వీధిలోకి వచ్చింది. మా పేట మీదుగానే ఆమె పిన్నమ్మ ఊరికి దారి. నెత్తిన రేకుపెట్టె, చేతిలో చెప్పులు. నాకు ఆమె తెలుసు. విచారణ గుడి పండుగకు పోయినప్పుడు నా రాత చూసి, గుండ్రంగా ఉందని మెచ్చుకుని ఒక పెన్సిలు ఇచ్చింది. మా వాకిట్లో నిలబడి, "చెల్లె, కాసిని మంచినీళ్లు ఇస్తావా?" అంది.

చెంబు ముంచినాను. తలుపు దాకా పోయినాను. ఎదురింటి అరుగు మీద సంఘంవాళ్లు ఇద్దరు కూర్చుని చూస్తా ఉన్నారు. నా తాళి నిజమని నిలబడాలంటే నాకు మంచిపేరు కావాలి అనిపించింది. ఈమెకు నీళ్లు పోస్తే, 'అదీ ఇదీ ఒకటే' అంటారు అనిపించింది. చెంబు తలుపు వెనక పెట్టి, లోపలి గోడకు ఆనుకుని నిలబడినాను.

ఆమె కొంచెంసేపు ఉంది. మళ్లీ పిలవలేదు. పోయింది.

రెండు నెలలు అన్నది రెండేండ్లకు దగ్గర పడింది. మా వైపు పంపడానికి స్వామి లేడన్నారు. కొన్నాళ్లు ఎవరో బాటన పోయే స్వామి వస్తాడన్నారు, రాలేదు. ఆరుగురు ఆడవాళ్లు పుట్టిండ్లలోనే ఉన్నారు. అందులో ఒకామెకు ఆ నడుమ బిడ్డ కూడా పుట్టినాడు. ఎట్ల పుట్టినాడని ఎవరూ నిలదీయలేదు. రేకుపెట్టె తాళం మాత్రం తీయలేదు.

నేను ఆదివారం ఆదివారం గుడి కిటికీ కింద కూర్చునేదాన్ని. లోపలికి రావద్దన్నారు గానీ బయట కూర్చోవద్దని అనలేదు. పొద్దెక్కితే గోడనీడ కాలి బొటనవేలి దాకా జరిగేది. లోపల నాయన దేవమాతకు చెప్పే మంగళవార్త జపం సగం చెప్తే, జనం మిగతా సగం అందుకునేవాళ్లు. నేను బయటి నుంచి అందుకుంటే, నా మాట ఎప్పుడూ వాళ్ల మాట కన్నా రవ్వంత వెనకబడి వినపడేది. కావాలని కాదు. గోడ అడ్డం ఉంటే అంతే. నాయన గొంతు ఆ కిటికీ దగ్గరికి వచ్చేసరికి తగ్గేది. ఇంట్లో ఇద్దరమూ ఒకే కుండలో కూడు తినేవాళ్లం, ఒకే దీపం దగ్గర జపమాల చెప్పేవాళ్లం. ఆ సంగతి మాత్రం ఎత్తేవాళ్లం కాదు. ఒకసారి మాత్రం, నాకు సంగటి వడ్డిస్తా, "నేను చెప్పాల్సింది నువ్వు చెప్పినావు," అన్నాడు. అంతే. నేను తింటా ఉన్నాను.

పూజ లేదు. స్వామి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం లేదు. ప్రభువు శరీరమని పుచ్చుకునే సత్ప్రసాదం లేదు. పుచ్చుకునే దారి లేనప్పుడు మనసులోని ఆశతోనే ప్రభువును పుచ్చుకోవచ్చని నేర్చుకున్నాను గదా. అట్ల పుచ్చుకునేదాన్ని. అందరూ ఆ మాట తేలికగా చెప్తారు. ఆశతో పుచ్చుకుంటే ఆకలి తీరదు, ఇంకా ఎక్కువవుతుంది. ఆ ఆకలే ప్రభువేమో అని కొన్ని ఆదివారాలు అనిపించేది. కొన్ని ఆదివారాలు ఏమీ అనిపించేది కాదు. వీపుకు మట్టిగోడ, ముందర తుమ్మచెట్టు, అంతే. అటువంటి దినాల్లో కూడా చెప్పాల్సిన జపాలన్నీ చెప్పి లేచేదాన్ని. ఆ స్వామిని తిట్టుకునేదాన్ని కూడా. తిట్టుకున్నాక ఆయన ఆత్మ కోసం ఒక పరలోకజపం చెప్పేదాన్ని, పండ్లు కొరుక్కుంటా.

మొదటి నెలల్లో నా పెనిమిటి వచ్చినప్పుడల్లా నేను కూలికి పోయిన చేని దగ్గరికి వచ్చేవాడు. వేరుశనగ పీకుతా ఉంటే గట్టు మీద కూర్చునేవాడు.

"తీసెయ్‌రాదూ. మళ్లీ కట్టించుకుందాము. ఇంకా పెద్ద పెండ్లి చేసుకుందాము."

"తీసేస్తే నువ్వు నాకు ఏమైతావు?"

"ఏమైతాను? నీ మొగుణ్నే."

"మొగుడివైతే ఎందుకు తీయాల?"

ఆయన ఒక కాయ వలిచి, గింజలు నా చేతిలో పోసి, రైలు వేళైందని లేచేవాడు. పదిహేను దినాలు నెల అయింది. నెల మూడు నెలలు అయింది. ఆయనను కూడా నేను తప్పు పట్టలేను. కన్నతండ్రి నలుగురిలో నీకు పెండ్లి కాలేదని చెప్పినాడు. కొడుకు నమ్మినాడు.

కబురు నాకు బావి దగ్గరే తెలిసింది. బాప్టిస్టు వదిన నన్ను చూసి కడవ దించింది. ఏదో అనబోతుందని నేను ముఖం తిప్పుకున్నాను.

"వదినా," అంది. ఎప్పటి గొంతు కాదు. "మా పొదిలి చుట్టాలు చెప్పినారు. ఇంకొకరు చెప్పేలోపల నేనే చెప్దామని. అన్న అక్కడ మా వాళ్ల గుళ్లో నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడంట. పిల్లను చేసుకున్నాడంట. గనిలో పనిచేసే ఆయన కూతురంట."

ఆ దినం నా కడవకు నీళ్లు ఆమే తోడింది. ఆమే ఎత్తింది. మా వాకిలి దాకా మోసి, ఎవరైనా ఏమైనా అంటారేమోనని చుట్టూ ఒకసారి కండ్లు ఉరిమి చూసి పోయింది.

కొత్త స్వామి వచ్చింది ఆ తర్వాత ఆరు నెలలకు. మళ్లీ తెల్లస్వామి. ముసలాయన, పొట్ట దాకా గడ్డం. పుస్తకం తెలుగు. బండి దిగగానే రేకుపెట్టె ఆయన ముందర పెట్టినారు. తెరిచి, ఒక్కో పలకముక్కా ఎత్తి చదివినాడు. ఆయనకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థం అయినాక కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఎవరు మిమ్ములను ఇట్లు చేయుమనిరి?"

మామ ముందుకు వచ్చినాడు. "నేనే సామీ. పాపం అంటుతుందని."

"పెద్దాయనా, వివాహము గురువు చేయునది కాదు. వారు చేసికొనునది. గురువు చూచును, అంతియే. ఈ వివాహములన్నియు నిలిచియున్నవి. ఒక్క దినము కూడ తెగలేదు."

అందరూ నా దిక్కు చూసినారు. నేను కిటికీ బయట ఉన్నాను. స్వామి గుమ్మం దాకా వచ్చి, "లోపలికి రమ్ము, అమ్మా," అన్నాడు. లోపల మామ దేవమాత స్వరూపం ముందర కూలబడి ఉన్నాడు. "నా కొడుకును నేనే పాపంలోకి తోసినాను," అని నెత్తి కొట్టుకుంటా ఉన్నాడు. ఆ గొంతు నేను ఎప్పుడూ మరిచిపోలేదు.

గెలిచినాను. గెలిస్తే ఏమి దొరుకుతుందో అప్పటిదాకా ఆలోచించలేదు. నా పెండ్లి నిలిచింది. నిలిచింది గనక నేను ఇంకొకరిని చేసుకునేదానికి లేదు. ఆయన అక్కడ ఇంకొకామెతో ఉన్నాడు. మిగతా ఆరుగురు తాళిబొట్లు కట్టుకుని నవ్వుకుంటా మొగుళ్ల ఇండ్లకు పోయినారు. నేను నాయన ఇంటికి వచ్చినాను.

ఆ సాయంత్రం పాపసంకీర్తనంలో నా వాదం గురించి, నా గర్వం గురించి చెప్పినాను. చివరికి నీళ్లచెంబు సంగతి చెప్పినాను.

"ఆమె ఎక్కడ ఉన్నది?"

"తెలియదు సామీ."

"వెదకుము," అన్నాడు. వేరే ప్రాయశ్చిత్తం ఏమీ ఇయ్యలేదు.

పిన్నమ్మ ఊరికి పోయినాను. అక్కడ లేదు. బిడ్డ పురిట్లోనే పోయిందన్నారు. ఆమె రైలెక్కిందన్నారు. ఎటుపోయే రైలో ఎవరూ చెప్పలేదు. తర్వాత కంభంలో, మార్కాపురంలో, ఎక్కడ సంతకు పోయినా నెత్తిన రేకుపెట్టె ఉన్న ఆడమనిషిని చూస్తే వెంటపడి ముఖం చూసేదాన్ని. దొరకలేదు. ఆ ప్రాయశ్చిత్తం ఇంకా తీరలేదు.

ఇంకో ఏడాది గడిచింది. ఎండాకాలం, పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడు, మామ మా వాకిట్లోకి వచ్చినాడు. వెనక నా పెనిమిటి. చిక్కిపోయినాడు, దగ్గుతా ఉన్నాడు. నాయన మంచం వాల్చి, తాను లోపలికి పోయినాడు.

మామ నేల మీద కూర్చున్నాడు. వద్దంటే వినలేదు.

"అమ్మా, నిన్ను ఒకటి అడిగేకి వచ్చినాను. నేను పోయేలోపల వీడు మళ్లీ మన గుళ్లో సత్ప్రసాదం పుచ్చుకుంటే చూడాల. ఆ పిల్ల కూడా జ్ఞానస్నానం తీసుకుంటానంటుంది. వాళ్లకు బిడ్డ ఉంది. స్వామిని అడిగినాను. మొదటి పెండ్లి నిలిచినంతకాలం కుదరదన్నాడు. అయితే ఒకటి చెప్పినాడు. సమ్మతం లేకుండా బలవంతాన జరిగిన పెండ్లయితే, అది పెండ్లే కాదంట. మేత్రాణులవారికి రాస్తాడంట."

నాకు అర్థమైంది. అయినా ఆయన నోటితోనే రానీ అని ఊరకున్నాను.

"ఆ పొద్దు స్వామి మొదటిసారి అడిగినప్పుడు నీ నోట మాట రాలేదు. అందరమూ చూసినాము. రెండోసారి అడగాల్సి వచ్చింది. మీ నాయన మాటకు భయపడి ఒప్పుకున్నానని ఒక్క మాట చెప్పమ్మా. నీకూ విడుదలే. చిన్నదానివి. ముందర ఎంతో బతుకుంది."

వాకిట్లో ఎండ తెల్లగా కాస్తా ఉంది. నా మనసులో ఏమీ కదల్లేదని చెప్పను. ఇల్లు కదిలింది, పిల్లలు కదిలినారు, ఒకరి పక్కన కూర్చుని తినడం కదిలింది. ఒక్క మాట. ఆ మాట కూడా పూరా అబద్ధం కాదు. మొదటిసారి గొంతు పెగల్లేదన్నది నిజమే గదా. అడుగుతా ఉన్నది తాళి తీయమన్న ఆ మామే. ఈసారి ఆయన అడిగేది ఆజ్ఞ కాదు, బతిమాలాట. అది ఇంకా కష్టం.

నేను మామతో మాట్లాడలేదు. నా పెనిమిటిని అడిగినాను.

"ఆ పొద్దు నువ్వు నా పక్కనే ఉన్నావు. నీకు ఎట్ల వినపడింది?"

ఆయన తల ఎత్తినాడు. కనుబొమల్లో అదే రాతిపొడి.

"గట్టిగానే అన్నావు," అన్నాడు. "కిటికీ కాడ వాళ్లు నవ్వినారు."

"నువ్వు?"

"నేనూ నవ్వినాను."

తర్వాత తండ్రి చేయి పట్టి లేపినాడు. "పోదాం పా నాయనా," అన్నాడు. "ఆమెతో అబద్ధం ఎందుకు చెప్పించాల. ఆమె అన్నది నిజమే. నేను అన్నదీ నిజమే ఆ పొద్దు." వాకిలి దాటేముందు వెనక్కి తిరిగినాడు. ఏదో అంటాడేమో అనుకున్నాను. దగ్గు వచ్చింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని పోయినాడు.

మళ్లీ నేను నా పెనిమిటిని చూడలేదు. పలకల గనిలో చేసినవాళ్లకు ఆ దగ్గు తగ్గదు. నాలుగేండ్లకు పోయినాడు. పొదిలిలో, బాప్టిస్టు గుళ్లో, ఆ అమ్మాయి విధవగా కూర్చుంది. అక్కడ నా చోటు లేదు, ఉండాలనీ అనుకోలేదు. కబురు తెచ్చింది బాప్టిస్టు వదినే. మా ఇంట్లో నా పక్కన కూర్చుంది. తాళి తీయించడానికి మా దిక్కు నుంచి ఎవరూ రాలేదు. ఎవరిని అడగాలో వాళ్లకూ తెలియలేదేమో.

"ఇప్పుడన్నా తీస్తావా వదినా?" అంది.

"ఇప్పుడు తీయాల," అన్నాను. "చావుదాకా అన్నాము. అయింది."

నేనే తీసుకున్నాను. సందూకు అడుగు నుంచి ఏడో పలకముక్క బయటికి తీసినాను. అన్నేండ్లూ దాని మీద గీత పడలేదు. మేకు తీసుకుని ముందు ఆయన పేరు రాసినాను, కింద నా పేరు రాసినాను. చేయి తిరగక అక్షరాలు వంకర పోయినాయి. పంతులమ్మ మెచ్చుకున్నంత గుండ్రంగా రాలేదు.

వదిన పక్క నుంచి వంగి చూసింది. ఆమెకు చదువు రాదు.

"ఏమని రాసినావు?"

చదివి వినిపించినాను, రెండు పేర్లూ.